బిగువు ఎటు పోతుంది?

బజారులో దొరికే అంగుళం వెడల్పు పాలిస్టర్ పట్టీ ఒక్కటి తెగాలంటే కొన్ని వందల కిలోల లాగుడు కావాలి. దానితో మనం బైకు వెనక సీటు మీద కట్టే బ్యాగు బరువు పది, పదిహేను కిలోలు. లెక్క ప్రకారం ఆ బ్యాగు కదలకూడదు. కానీ నాగ్‌పూర్ దాటాక ఏ ధాబా దగ్గరో ఆగిన హైదరాబాదు రైడర్ల గుంపును చూడండి. టీ వచ్చేలోపు ఇద్దరు ముగ్గురైనా వంగి పట్టీలు మళ్లీ లాగుతూ కనిపిస్తారు. ఒకరి బ్యాగు ఎడమకు వాలి ఉంటుంది. ఇంకొకరిది వెనక్కి జారి టెయిల్ లైటును సగం కప్పేసి ఉంటుంది. పట్టీ తెగలేదు, ముడి విడలేదు, బకిల్ విరగలేదు. పొద్దున్న ఇంటి ముందు మోకాలు ఆనించి మరీ లాగి కట్టిన బిగువు మాత్రం లేదు.

పట్టీ ఎన్ని కిలోలు మోస్తుందో అమ్మేవాళ్లు పెద్ద అక్షరాలతో రాస్తారు. రోడ్డు మీద అక్కరకొచ్చే అంకె వేరు: కట్టినప్పటి బిగువులో రెండు వందల కిలోమీటర్ల తర్వాత ఎంత మిగిలింది? పోయింది ఎటు పోయింది? ఈ అధ్యాయంలో వెతకబోయేది అదే. వెతుకుతూ పోతే మూడు శతాబ్దాల కిందటి ఫ్రెంచి పెద్దమనిషి మొదలు బూట్ల లేసుల మీద పరిశోధన చేసిన కాలిఫోర్నియా ఇంజనీర్ల దాకా చాలామంది తగులుతారు. క్యాన్లు తగిలించుకుని తెల్లారకముందే ఊరు దాటే మన పాలవాళ్లు కూడా.

నొక్కేది పట్టీ, ఆపేది ఘర్షణ

బ్యాగు మీదుగా అడ్డంగా వేసిన పట్టీ దాన్ని ముందుకో వెనక్కో పోకుండా నేరుగా ఆపదు. అది బ్యాగును సీటుకేసి నొక్కుతుంది, అంతే. ఆ నొక్కుడు వల్ల సీటుకూ బ్యాగు అడుగుకూ మధ్య పుట్టే ఘర్షణ ఆపుతుంది. ఘర్షణ నొక్కే బలాన్ని బట్టి పెరుగుతుందనీ, తాకే వైశాల్యంతో దానికి పెద్దగా పని లేదనీ ఆ ఫ్రెంచి పెద్దమనిషి గియోమ్ అమోంతాఁ 1699లో చెప్పాడు. వెడల్పాటి అడుగున్న బ్యాగు కొంటే జారదన్న నమ్మకం చాలామందికి ఉంది. అమోంతాఁ ఒప్పుకోడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. న్యూటన్ల జోలికి పోకుండా బలాన్ని కూడా కిలోల్లోనే చెబుతాను. బ్యాగు 15 కిలోలు. రెగ్జిన్ సీటుకూ బ్యాగు గుడ్డకూ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. బ్యాగు సొంత బరువు వల్ల వచ్చే ఘర్షణ నాలుగున్నర కిలోలు. పొడి తారు రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే బైకు వేగం గురుత్వ త్వరణంలో 0.8 వంతు చొప్పున తగ్గవచ్చు. అప్పుడు బ్యాగును ముందుకు నెట్టే బలం 12 కిలోలు. తక్కువ పడింది ఏడున్నర. దాన్ని ఘర్షణతో పూడ్చాలంటే పట్టీలు 25 కిలోల బలంతో కిందికి నొక్కాలి. రెండు పట్టీలు, నాలుగు కాళ్లు. ఒక్కో కాలికి ఆరు కిలోల పైచిలుకు. ఇది చేత్తో లాగినా వచ్చే బిగువే.

ఇప్పుడు అదే సీటు మీద బ్యాగు కింద జాలీలా ఉండే రబ్బరు మ్యాటు ముక్క పరవండి. వంటింటి అల్మారాల్లో పరుస్తారే, అది. గుణకం 0.6కు పెరిగిందంటే బరువు వల్ల వచ్చే ఘర్షణ తొమ్మిది కిలోలు, లోటు మూడే. పట్టీలు నొక్కాల్సింది ఐదు కిలోలు. పాతిక నుంచి ఐదుకు! ఐరోపాలో లారీ సరుకు కట్టే లెక్కల్లో జారనివ్వని మ్యాట్లకు ఈ 0.6 అంకెనే వాడతారు. ఖరీదైన పట్టీల గురించి గంటలు చర్చించే రైడర్లు ఈ చవక మ్యాటు ముక్కను ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

ఆరు కిలోల బిగువు చాలినప్పుడు బ్యాగులు ఎందుకు జారుతున్నాయి? లెక్కలో మనం బ్యాగు బరువును నమ్ముకున్నాం. రోడ్డు మీద ఆ బరువు ఎప్పుడూ ఒకేలా ఉండదు. గతుకుల మీద సీటు పైకీ కిందికీ మూడు సెంటీమీటర్ల చొప్పున, సెకనుకు మూడుసార్లు ఊగుతోందనుకోండి. షాక్ అబ్జార్బర్లున్న బైకుకు ఇది అసాధారణమేమీ కాదు. ఆ ఊగుడులో పైకొస దగ్గర సీటు కిందికి పడే త్వరణం సెకనుకు సెకనుకు 10.7 మీటర్లు. గురుత్వ త్వరణం 9.8. అంటే ప్రతి ఊగుడులోనూ ఒక క్షణం సీటు బ్యాగు కంటే ముందే కిందికి పడిపోతుంది. ఆ క్షణంలో బ్యాగుకు సీటు మీద బరువు లేదు, ఆ బరువు ఇచ్చే నాలుగున్నర కిలోల ఘర్షణా లేదు. మిగిలిందల్లా పట్టీ నొక్కుడు. అది కూడా చాలకపోతే బ్యాగు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. సెకనుకు మూడు అవకాశాలు, గంటకు పది వేల పైన. జారడం అనేది ఒక్కసారిగా జరిగేది కాదు, అందుకే నడిపేవాడికి తెలియదు.

లారీకి ఉన్న ఒక బాధ మాత్రం బైకుకు లేదు. మలుపులో లారీ మీది సరుకు పక్కకు తోసుకుపోతుంది. ఐరోపా నిబంధనలు సరుకు బరువులో సగానికి సమానమైన పక్కతోపును తట్టుకునేలా కట్టమంటాయి. బైకు మలుపులో వాలుతుంది. సరిగ్గా వాలిన బైకు మీద గురుత్వ బలమూ అపకేంద్ర బలమూ కలిసి సీటుకు నిట్టనిలువుగా దిగుతాయి. బ్యాగుకు తెలిసేది తన బరువు కాస్త పెరగడమే, పక్కతోపు కాదు. 45 డిగ్రీల వాలులో బరువు 1.4 రెట్లవుతుంది. మారేడుమిల్లి ఘాటు మలుపుల్లో నిజానికి బ్యాగు ఇంకా గట్టిగా కూర్చుంటుంది. పక్కకు ఒరగడం వేరే చోట మొదలవుతుంది: బైకును సైడ్ స్టాండు మీద వాల్చి నిలిపినప్పుడు, ఒక పక్క బరువు ఎక్కువ సర్దినప్పుడు, అన్నిటికంటే ముఖ్యంగా ఎక్కేటప్పుడు కాలు బ్యాగుకు తగిలినప్పుడు. సామాను ఎత్తుగా కట్టుకున్నవాళ్లు దిగిన ప్రతిసారీ, ఎక్కిన ప్రతిసారీ తమ బ్యాగును తామే తంతుంటారు.

సాగేదా, సాగనిదా

ఇక బిగువు సంగతి. ఇంగ్లీషు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1676లో ఒక సూత్రాన్ని అక్షరాలు కలగాపులగం చేసి అచ్చువేశాడు, ఇంకెవరూ ఎత్తుకుపోకుండా. 1678లో విప్పి చెప్పాడు: సాగుడు ఎంతో బలం అంత. కట్టిన పట్టీలో ఉన్న బిగువంతా ఆ పట్టీ సాగిన మేరలోనే ఉంది. సాగుడు పోతే బిగువు పోయినట్టే.

పాలిస్టర్ పట్టీ ఎంత సాగుతుంది? సరుకు కట్టే పట్టీలకు ఐరోపా ప్రమాణం ప్రకారం, అనుమతించిన పూర్తి లాగుడు దగ్గర ఏడు శాతానికి మించి సాగకూడదు. 250 కిలోల లాగుడుకు చేసిన పట్టీని 25 కిలోల బిగువుతో కట్టామంటే సాగుడు అందులో పదో వంతు, సుమారు 0.7 శాతం. పట్టీ పొడవు మీటరున్నర అయితే అది ఒక్క సెంటీమీటరు. మన బిగువు మొత్తం ఆ ఒక్క సెంటీమీటరులో దాచుకుని బయలుదేరాం. దారిలో బ్యాగు పైభాగం అర సెంటీమీటరు కుంగిందనుకోండి. రెండు పక్కలా అర చొప్పున సెంటీమీటరు పట్టీ మిగులు తేలుతుంది. పాతిక కిలోల బిగువు సున్నా అవుతుంది.

ఎంత గట్టి పట్టీ అయితే అంత తక్కువ సాగుతుంది, అంత చిన్న కుంగుబాటుకే వదులవుతుంది. బలమైన పట్టీ కొన్నవాడి బ్యాగు వాలిపోవడంలో వింత లేదు. రాట్చెట్ పట్టీతో ఇంకో చిక్కు ఉంది. దాని పిడికి ఉన్న యాంత్రిక లాభం వల్ల మనకు తెలియకుండానే వంద కిలోల పైన బిగించేస్తాం. బైకు వెనక గొట్టాలు, ప్లాస్టిక్ ప్యానెళ్లు దానికి తయారైనవి కావు. బైకును లారీలోకి ఎక్కించి కట్టడానికి రాట్చెట్ మంచిదే. బైకు మీద బ్యాగు కట్టడానికి చేత్తో లాగే క్యామ్ బకిల్ చాలు.

లెక్కలో వదిలేసినది ఒకటుంది. బట్టలు కుక్కిన బ్యాగు తానే ఒక స్ప్రింగు. పట్టీ సాగకపోయినా బ్యాగు నొక్కుకుపోయి ఆ బిగువును తనలో దాచుకుంటుంది. అందుకే మెత్తటి బ్యాగు సాగని పట్టీతోనూ కొంత నిలుస్తుంది. అట్టపెట్టెను గాని, అల్యూమినియం పెట్టెను గాని అదే పట్టీతో సీటు మీద కడితే నిలవదు. పెట్టెలకు బోల్టులతో బిగించే ఫ్రేములు అందుకే. కానీ బట్టల బ్యాగు స్ప్రింగు అంత నమ్మకస్థుడు కాదు. మడతల మధ్య గాలి బయటికి పోతుంది, చొక్కాలు జీన్సు ప్యాంటు పక్కకు సర్దుకుంటాయి, కుంగింది మళ్లీ పైకి రాదు. ఈ సర్దుబాటులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే జరిగిపోతుంది. ఊరు దాటాక ఇరవై ముప్ఫై కిలోమీటర్ల దగ్గర ఒకసారి ఆగి పట్టీలు లాగమని పాత రైడర్లు చెప్పేది దీన్నిబట్టే. ఆ ఒక్క ఆగడం తర్వాతి పది ఆగడాల కంటే విలువైనది.

సాగే తాడుతో కథ తలకిందులు. కొక్కేలున్న రబ్బరు తాడు, మనవాళ్లు బంజీ అనేది, అర మీటరు సాగదీస్తే పది కిలోల బిగువు ఇస్తుందనుకుందాం. బ్యాగు అర సెంటీమీటరు కుంగి ఒక సెంటీమీటరు వదులు తేలితే పోయేది యాభైలో ఒక వంతు, అంటే రెండు శాతం. బిగువు నిలబెట్టుకోవడంలో పాలిస్టర్ దీని ముందు నిలవదు. మరి బంజీని సీనియర్ రైడర్లు ఎందుకు ఛీకొడతారు?

సాగే గుణం రెండు వైపులా పనిచేస్తుంది. బ్యాగును ఒక సెంటీమీటరు పక్కకు నెడితే బంజీ వెనక్కి లాగే బలం కూడా అంతే స్వల్పం. ఒక్కో కాలు సెంటీమీటరుకు 200 గ్రాములు. నాలుగు కాళ్లూ కలిస్తే ముప్పావు కిలో చిల్లర. పది కిలోల బ్యాగు ఘర్షణ పట్టు విడిచిన క్షణం నుంచి అది స్ప్రింగుకు వేలాడే బరువే. సెకనుకు ఒకటిన్నరసారి ఊగుతుంది. ఇంకా బిగువైన బంజీ అయితే రెండు మూడుసార్లు. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దీనితో పని ఉంది.

బంజీకి ఇంకో దోషం ఉంది, అది సామానుకు కాదు, మనిషికి. పది కిలోల బలంతో అర మీటరు సాగిన తాడులో దాగిన శక్తి 25 జౌళ్లు. కొక్కెం చేతిలోంచి జారితే అందులో సగం వృథా పోయినా, 20 గ్రాముల కొక్కెం గంటకు 125 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. కట్టేవాడి ముఖం సరిగ్గా ఆ వరుసలోనే ఉంటుంది. ఇలా దెబ్బతిన్న కళ్ల గురించి నేత్రవైద్య పత్రికల్లో చాలా నివేదికలు ఉన్నాయి. బంజీ తగిలించేటప్పుడు హెల్మెట్ అద్దం దించుకోవడం నవ్వులాటగా అనిపించవచ్చు. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

ఈ రెంటికీ మధ్య దారి పట్టీలో కొంత భాగం పాలిస్టర్, కొంత భాగం రబ్బరు ఉంచడం. బజారులో అలాంటివి దొరుకుతున్నాయి. రబ్బరు భాగం పొట్టిగా, గట్టిగా ఉంటుంది కాబట్టి ఊగనివ్వదు, సెంటీమీటరు రెండు సెంటీమీటర్ల కుంగుబాటును మాత్రం మింగేస్తుంది. కానీ ఈ ఆలోచన పట్టీల కంపెనీల కంటే ముందే మన రోడ్ల మీద ఉంది. టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద మనిషి కంటే ఎత్తు బట్టల మూటలు, ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని ఊళ్లు తిరిగే వ్యాపారుల కట్టు చూడండి. అడుగున తాడు. దాని మీద పాత సైకిల్ ట్యూబును నిలువునా కోసిన ముక్కలు, సాగదీసి చుట్ల మీద చుట్లు. చివర ముడి కూడా ఉండదు, ఆఖరి చుట్టు కిందికి దోపేసి వదిలేస్తారు. అది విడదు. ఎందుకు విడదో చెప్పాలంటే చుట్ల గణితంలోకి వెళ్లాలి.

చుట్లు, మూలలు

గుంజకు తాడు రెండు చుట్లు తిప్పి ఒక చేత్తో కొస పట్టుకుంటే బెదిరిన గేదె కూడా లాక్కోలేదు. ఇది పశువులున్న ఇంట్లో ఎవరికైనా తెలుసు. లెక్క కట్టింది 18వ శతాబ్దపు గణితవేత్త లియోనార్డ్ ఆయిలర్. తాడు ఒక స్తంభాన్ని చుట్టుకున్నప్పుడు ఒక కొస దగ్గర ఉన్న బిగువు రెండో కొస దగ్గరికి వచ్చేసరికి చుట్టిన కోణాన్ని బట్టి గుణకారంగా తగ్గుతూ వస్తుంది. ఘర్షణ గుణకం 0.3 అయితే ఒక చుట్టుకు ఆరున్నర రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు దాదాపు 285 రెట్లు. రబ్బరుకు గుణకం దీనికి రెండింతల పైనే. రెండు చుట్లకే వేల రెట్లు. ట్యూబు ముక్క కొసను దోపితే చాలడానికి కారణం అదే.

ఇదే ఆయిలర్ మనకు తెలియకుండా పక్కన కూర్చుని చెడు కూడా చేస్తాడు. బ్యాగు మీదుగా వెళ్లే పట్టీ రెండు మూలల దగ్గర వంగుతుంది, మొత్తం అర చుట్టు. అర చుట్టుకు బిగువు రెండున్నర రెట్లు తగ్గుతుంది. కుడి పక్క బకిల్ దగ్గర 25 కిలోలు లాగామంటే ఎడమ పక్కకు చేరేది పదే. బ్యాగు కుడి వైపు గట్టిగా, ఎడమ వైపు మెత్తగా కట్టుబడి బయలుదేరుతుంది. దారిలో అదురుకు పట్టీ మూలల మీద కొద్దికొద్దిగా జారి రెండు పక్కలా సమానమవుతుంది. ఆగి బకిల్ పక్క వేలితో తడితే వదులైనట్టు తోస్తుంది. నిజానికి కొంత బిగువు అవతలికి వెళ్లింది, అంతే. కానీ ఈ సర్దుబాటులో బ్యాగు ఒక పక్కకు తిరిగిపోతుంది.

మందు తేలిక. ఒక పట్టీ బకిల్ కుడి పక్క, రెండో దాని బకిల్ ఎడమ పక్క పెట్టండి. బిగించేటప్పుడు ఒక చేత్తో బ్యాగును కుదుపుతూ రెండో చేత్తో లాగండి. కుదుపు మూలల దగ్గరి ఘర్షణను విడిపిస్తుంది, రోడ్డు తర్వాత చేయబోయే పనిని మనమే ముందుగా చేసేస్తాం. ఆపైన బ్యాగును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. బైకు మొత్తం కదలాలి గాని బ్యాగు విడిగా కదలకూడదు.

అదురుకు విడిపోయేవి

2017లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంజనీర్లు బూటు లేసు ఎందుకు ఊడిపోతుందో హైస్పీడ్ కెమెరాతో చూశారు. పరుగులో పాదం నేలను తాకినప్పుడు ముడి గురుత్వానికి ఏడు రెట్ల కుదుపు తింటోంది. ఆ కుదుపు ముడిని సడలిస్తే, గాలిలో ఊగే లేసు కొసలు ఆ సడలిన ముడిని బయటికి లాగుతున్నాయి. రెండూ కలిస్తేనే ఊడేది. కొసలు ఊగకుండా ఆపితే ముడి నిలిచింది. బైకు మీద ఈ రెండూ పుష్కలం. కాబట్టి పట్టీ మిగులు కొసలను చుట్టి రబ్బరు బ్యాండు వేసేయడం చూపుకు అందంగా ఉండటం కోసం కాదు.

వంద కిలోమీటర్ల వేగంలో గాలి పీడనం చదరపు మీటరుకు 45 కిలోల చిల్లర. వెడల్పాటి పట్టీ గాలిలో రెపరెపలాడుతూ గుయ్‌మని శబ్దం చేస్తుంది. ఆ రెపరెప బకిల్ పళ్ల దగ్గర పట్టీని నములుతుంది. పట్టీకి ఒకటి రెండు మెలికలు వేసి కడితే గాలికి ఒకే చదునైన ముఖం దొరకదు, శబ్దం ఆగిపోతుంది. ఇంత చవకైన ఇంజనీరింగు ఇంకెక్కడా దొరకదేమో.

లగేజీ ఫ్రేముల బోల్టుల కథ వేరు. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో చూపించాడు: బోల్టును వదులు చేసేది దాని పొడవునా వచ్చే లాగుడు కంటే అడ్డంగా వచ్చే అదురు. బిగించిన రెండు రేకులు అటూ ఇటూ జరిగినప్పుడల్లా మరల మీది ఘర్షణ ఆ క్షణానికి విడిపోతుంది, నట్టు వెంట్రుకవాసి తిరుగుతుంది. సింగిల్ సిలిండర్ ఇంజన్ నిమిషానికి 3000 తిరుగుళ్లలో సెకనుకు 50 సార్లు అదురుతుంది. లడక్ క్యారియర్ అని మనవాళ్లు పిలిచే ఇనుప ఫ్రేములకు నైలాన్ లోపలి రింగున్న లాక్ నట్లు వేయించుకోవాలి. ఫ్రేము బోల్టు ఊడితే ఏ పట్టీ ఏం చేయగలదు?

బరువు ఎక్కడ

బిగువు గురించి మాట్లాడుతూ బరువు ఉన్న చోటును మర్చిపోకూడదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకుందాం. బండి బరువు 195 కిలోలు, రెండు ఇరుసుల మధ్య దూరం 1390 మిల్లీమీటర్లు. 15 కిలోల బ్యాగును వెనక ఇరుసుకు 300 మిల్లీమీటర్లు వెనక కడితే ముందు చక్రం మీద మూడు కిలోల పైన బరువు తగ్గుతుంది. అదే బ్యాగును ఇరుసుకు 400 మిల్లీమీటర్లు ముందుకు, అంటే నడిపేవాడి వీపుకు ఆనేలా జరిపితే ముందు చక్రం మీద నాలుగు కిలోల పైన పెరుగుతుంది. తేడా ఏడున్నర కిలోలు. బండి మొత్తం బరువుతో పోలిస్తే కొంచెమే అనిపిస్తుంది. హ్యాండిల్ మాత్రం ఆ కొంచాన్ని పసిగడుతుంది.

మోటార్ సైకిల్ ఊగుళ్లకు గణితం కట్టినవాళ్లలో ముఖ్యుడు రాబిన్ షార్ప్, 1971లో. హ్యాండిల్ ఒక్కటే గిలగిలలాడటం ఒకటి, అది సెకనుకు ఆరు నుంచి పదిసార్లు. బండి మొత్తం పాములా మెలికలు తిరగడం ఇంకొకటి, సెకనుకు రెండు నుంచి నాలుగుసార్లు, ఎక్కువ వేగంలో. వెనక ఇరుసుకు వెనకగా, ఎత్తులో ఉన్న బరువు ఈ రెండో ఊగుడు త్వరగా అణగకుండా చేస్తుంది. బంజీతో కట్టిన బ్యాగు ఊగే లెక్క గుర్తుందా? ఒకటిన్నర నుంచి మూడు. రెండు ఊగుళ్లూ ఇరుగుపొరుగున ఉన్నాయి. బండి మెలిక బ్యాగును ఊపుతుంది, బ్యాగు ఊగుడు బండిని. అలాంటప్పుడు గట్టిగా బ్రేకు వేయడం, హ్యాండిల్‌ను బిగబట్టి ఆపబోవడం మంచిది కాదు. యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలి వేగం తగ్గనివ్వాలి. గివి వంటి కంపెనీలు టాప్ బాక్సుల మీద గంటకు 120 కిలోమీటర్లు దాటవద్దనీ, ఇన్ని కిలోలకు మించవద్దనీ రాసేది పెట్టె విరుగుతుందన్న భయంతో మాత్రమే కాదు.

మన పాలవాళ్లు షార్ప్‌ను చదవలేదు. కానీ వాళ్ల బండి చూస్తే బరువంతా రెండు పక్కలా కింద, చక్రం పక్కనే వేలాడుతుంది. ఒక క్యాను ఖాళీ చేస్తే రెండో పక్కదీ కొంత తీసి సరిచేసుకుంటారు. రైలు రాకముందు దక్కనులో ఉప్పు, ధాన్యం మోసిన లంబాడీల ఎద్దుల మీద కంట్లాలు కూడా అంతే, రెండు పక్కలా సమంగా, పొట్ట దాకా దిగి. కాబట్టి సాడిల్ బ్యాగుల్లో బరువైనవి అడుగున, ముందుకు. పనిముట్లు, నీళ్లు, తాళం కప్పలు అక్కడ. స్లీపింగ్ బ్యాగు, జాకెట్టు లాంటి దూదిపింజలు పైన, వెనక.

నీళ్లు, వేడి గురించి రెండు మాటలు చాలు. నైలాన్ నీళ్లు పీల్చి సాగుతుంది, పాలిస్టర్ దాదాపు పీల్చదు. వర్షాకాలంలో పాలిస్టరే మేలు. సైలెన్సర్ పక్కగా వెళ్లే పట్టీ ఏదైనా ఒక్కటే: పాలీప్రొపిలీన్ 165 డిగ్రీలకు, మామూలు నైలాన్ 220కి, పాలిస్టర్ 255కు అటూ ఇటూగా కరిగిపోతాయి. వెనక చక్రంలోకి, చైనులోకి కొసలు పోకుండా చూసుకోవాలి. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే గార్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. దూర ప్రయాణాలకని ఆ గార్డును పీకేసి దాని చోట వేలాడే బ్యాగులు పెట్టుకునేవాళ్లు ఆ నిబంధన ఎందుకు పుట్టిందో ఒక్కసారి ఆలోచించాలి.

ఎత్తులో ఇంకో దొంగ

మైదానంలో కనిపించని ఒక కారణం లడక్‌లో బయటపడుతుంది. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సుమారు 65 శాతం. నలభై కిలోమీటర్లు ఎక్కితే ఖర్దుంగ్ లా కనుమ, 5,359 మీటర్లు. పీడనం సగానికి కాస్త పైన. నీళ్లు చొరకుండా నోరు చుట్టి మూసే డ్రై బ్యాగులో లేహ్ దగ్గర పది లీటర్ల గాలి ఇరుక్కుందనుకోండి. అది పైన పన్నెండున్నర లీటర్లు కావాలని చూస్తుంది. చలికి గాలి కొంత ముడుచుకుంటుంది గాని, ఈ ఉబ్బును రద్దు చేసేంత కాదు. చిప్స్ ప్యాకెట్టు పైన బంతిలా తయారవడం అందరూ ఫోటో తీస్తారు. దాని పక్కనే బ్యాగు కూడా ఉబ్బి పట్టీలను తన్నిపెట్టి ఉంటుంది. పైన నిలబడి చూస్తే కట్టు రాయిలా గట్టిగా అనిపిస్తుంది.

మోసం దిగేటప్పుడు. కనుమ మీద చలికి బ్యాగు విప్పి ఇంకో స్వెట్టరు తీసుకుని, మళ్లీ మూసి, పట్టీలు బిగించి నుబ్రా లోయ వైపు దిగారు. ఆ లోయలోని డిస్కిట్ 3,100 మీటర్ల ఎత్తు. పైన మూసిన పది లీటర్ల గాలి అక్కడికి చేరేసరికి ఏడున్నర లీటర్లు. బ్యాగు పొట్ట లోపలికి పోతుంది. సాగని పట్టీకి అర సెంటీమీటరు కుంగుబాటే ఎక్కువ అని చూశాం. ఇక్కడ కుంగేది అంతకు చాలా రెట్లు. పైగా కనుమకు రెండు పక్కలా కొంత దూరం రాళ్లు తేలిన రోడ్డు, నీటి పాయలు.

గాలి వదిలే చిన్న వాల్వు ఉన్న డ్రై బ్యాగులు ఈ ఇబ్బందికి పనికొస్తాయి. మూసేటప్పుడు మోకాలితో నొక్కి గాలంతా తీసేసి వాల్వు బిగిస్తే ఉబ్బడానికీ కుంగడానికీ లోపల మిగిలేది పెద్దగా ఉండదు. వాల్వు లేనివాళ్లు నోరు చుట్టేముందు బ్యాగు మీద కూర్చుంటే సరిపోతుంది. అదీ కుదరకపోతే, ఖర్దుంగ్ లా నుంచి దిగాక ఖర్దుంగ్ ఊళ్లో నూడుల్స్ తినే చోట ఒకసారి, డిస్కిట్‌లో ఒకసారి పట్టీలు లాగాలి.